గుడ్డ చాలని చోటికే ట్యూబు

సన్‌స్క్రీన్ కొనేముందు, పూసుకునేముందు తెలుసుకోవాల్సిన సంగతులు

పదేళ్ల కింద మన లైన్లలో సన్‌స్క్రీన్ అనే మాట విన్నవాళ్లు తక్కువ. ఇప్పుడు చాలా ఇళ్లల్లో అద్దం కాడ పౌడరు డబ్బా, దువ్వెనతో పాటు ఆ ట్యూబు కూడా ఉంటోంది. కాలేజీకి పోయే పిల్లలు తెచ్చారు, చూసి అమ్మలూ పూసుకుంటున్నారు. మంచిదే. కానీ అదేంటికి అని అడిగితే ఒక్కొక్కరిది ఒక్కో మాట. తెల్లగా అవుతారంట అని ఒకరు. మన నల్లతోలుకి ఎందుకప్పా, అంతా కంపెనీల దోపిడీ అని ఇంకొకరు. ఇంత డబ్బు పోసి కొంటే ఆరు నెలలైనా మొహం మారలేదు అని మూడో మనిషి.

ముగ్గురి మాటలోనూ తప్పు ఉంది. రెండో మనిషి మాటలో కొంచెం నిజం కూడా ఉంది. అది విడదీసి చెప్దామని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నా.

నేను మగ్గాల ఖాతాలో పనిచేసి రిటైరైన మనిషిని. చదువు నాలుగో క్లాసు. ట్యూబు మీద చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు మా మనవరాలు చదివి చెప్పింది. అర్థం కానివి చర్మం డాక్టరుని అడిగి తెలుసుకున్నా. గుడ్డ సంగతి మాత్రం నేను ఎవరినీ అడగాల్సిన పని లేదు. ఈ విషయంలో గుడ్డకీ ట్యూబుకీ చాలా దగ్గర చుట్టరికం ఉంది. ముందే ఒక్క మాట చెప్పేస్తా. సన్‌స్క్రీన్ తెల్లబడే క్రీము కాదు. అది ఒంటికి పట్టే గొడుగు. గుడ్డ కప్పగలిగినంత మేర గుడ్డతోనే కప్పుకోవాల. గుడ్డ చాలని చోటికి ట్యూబు. పూస్తే చాలినంత పూయాల. కొంచెం కొంచెం పూసేది ఉంటే ఆ డబ్బు గొడుగుకి పెట్టడం మేలు.

మన ఎండ ఎట్లాంటిది

ఎండలో వెలుతురు ఉంటాది, వేడి ఉంటాది. ఈ రెండూ మనకు తెలుస్తాయి. మూడోది తెలియదు. కంటికి కనపడదు, ఒంటికి తగిలినట్టు ఉండదు. దాని పేరు అల్ట్రావయొలెట్, పొట్టిగా యూవీ అంటారు. చర్మాన్ని పాడుచేసేది ముఖ్యంగా అదే.

దాంట్లో మళ్లీ రెండు రకాలు మన దాకా వస్తాయి. యూవీబీ అనేది పై తోలుని కాలుస్తాది. ఎండలో తిరిగొచ్చినాక మంట పుట్టడం, పొరలు లేవడం దాని పనే. యూవీఏ అనేది ఇంకా లోపలికి పోతాది. మచ్చలు, ముడతలు, తోలు వదులు కావడం దీని పని. ఇది పొద్దున్నించి సాయంత్రం దాకా ఉంటాది, కిటికీ అద్దంలో నుంచి కూడా వస్తాది. ఏళ్ల తరబడి లారీ, బస్సు తోలేవాళ్ల కుడి చెయ్యి, ఎడమ చెయ్యి పక్కపక్కన పెట్టి చూడండి. కిటికీ వైపు చెయ్యి రంగు వేరేగా ఉంటాది.

ఇంకో సంగతి. వేడి వేరు, యూవీ వేరు. రేకుల షెడ్డులో ఉడికిపోతా ఉంటాం, కానీ అక్కడ యూవీ అంతగా ఉండదు. పుష్యమాసంలో మధ్యాన్నం చల్లగాలి వీస్తా ఉంటాది, హాయిగా ఉంటాది, కానీ యూవీ ఉంటాది. మబ్బు పట్టినా పూర్తిగా ఆగదు. అందుకని వేడిని బట్టి లెక్క వేయొద్దు, నీడని బట్టి వేయండి. మీ నీడ మీకంటే పొడుగ్గా ఉంటే ఎండ మెత్తన. నీడ మీకంటే పొట్టిగా ఉంటే ఎండ గట్టిది. ఇంతే పరీక్ష, సెల్లు అక్కర్లేదు.

మన సండూరు సీమ భూమధ్యరేఖకి ఉత్తరంగా 15 డిగ్రీల మీద ఉంది. అందువల్ల ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా మన నడినెత్తిన వస్తాడు. ఒకసారి మే 1వ తేదీ అటుఇటు, ఇంకోసారి ఆగస్టు 12 అటుఇటు. మే డే నాడు మధ్యాన్నం 12 గంటల 20 నిమిషాలప్పుడు బయట ఒక కర్ర నిలబెట్టి చూడండి, దాని నీడ దాని కాలి కిందే ఉంటాది. కార్మికుల పండగ నాడే ఎండ మన నెత్తి మీద నిలబడతాదన్న మాట. ఆ నెలలో పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం మూడు దాటేదాకా మన నీడ మనకంటే పొట్టిగానే ఉంటాది. డిసెంబరులో కూడా మధ్యాన్నం పూట నీడ మనిషికంటే పొట్టిదే. కాబట్టి మన ఊర్లో ఎండ సంగతి ఎండాకాలం ఒక్కదానిదే కాదు.

ముందు గుడ్డ

ఆస్ట్రేలియాలో తెల్లతోలు వాళ్లు ఎక్కువ, ఎండ గట్టిది, చర్మం క్యాన్సర్లు బాగా వస్తాయి. అక్కడ 1981లో జనానికి చెప్పడం మొదలుపెట్టారు: చొక్కా తొడుక్కో, క్రీము పూసుకో, టోపీ పెట్టుకో అని. ఆ వరస చూడండి. క్రీము అమ్ముకునే వాళ్లయితే క్రీము ముందు చెప్పేవాళ్లు. వాళ్లు చొక్కా ముందు చెప్పారు.

ఆ దేశంవాళ్లే 1996లో గుడ్డకి కూడా ఒక కొలత తయారుచేశారు. దాని పేరు యూపీఎఫ్. ఒక గుడ్డ యూపీఎఫ్ 50 అంటే, దాని మీద 50 వంతులు యూవీ పడితే ఒక వంతు మాత్రమే లోపలికి పోతాది. యూపీఎఫ్ 5 అంటే ఐదింట ఒక వంతు లోపలికి దిగుతాది.

ఏ గుడ్డ ఎంత ఆపుతాది అనేది మిల్లులో చేసినవాళ్లకి ఇట్టే అర్థమవుతాది. పడుగు, పేక దగ్గరదగ్గరగా ఉండి చిక్కగా నేసిన గుడ్డ ఎక్కువ ఆపుతాది. పల్చన నేత తక్కువ ఆపుతాది. ముదురు రంగు గుడ్డ లేత రంగు గుడ్డకంటే ఎక్కువ ఆపుతాది. పాలియెస్టరు నూలు తనంతట తానే యూవీని కొంత మింగుతాది, అందుకని అదే మందంలో తెల్లటి పల్చని కాటన్‌కంటే కొంచెం మేలు, కాకుంటే చెమట పీల్చదు. లాగి బిగించిన గుడ్డలో సందులు పెద్దవవుతాయి, వదులుగా తొడిగిన గుడ్డ మేలు. తడిసిన కాటన్ గుడ్డ ఆరిన గుడ్డకంటే తక్కువ ఆపుతాది. చెమటకి తడిసి ఒంటికి అతుక్కున్న బనీను ఉందని ధైర్యంగా ఉండొద్దు.

ఫోల్డింగు ఖాతాలో గుడ్డని వెలుతురుకి పట్టి చూసేవాళ్లం గదా, అదే పరీక్ష ఇంట్లో చేయండి. చొక్కాని బల్బుకి ఎదురుగా పట్టండి. అవతల బల్బు ఆకారం తేటగా కనిపిస్తే ఆ చొక్కా ఎండకి పనికిరాదు. ఇది ఉజ్జాయింపు లెక్కే, కానీ పనికొస్తాది.

మన ఇళ్లల్లో ఒక అలవాటు ఉంది. మంచి చొక్కా పెళ్లికీ పేరంటానికీ దాచిపెట్టి, ఉతికి ఉతికి జల్లెడ అయిపోయిన చొక్కా ఎండ పనికి తొడుగుతాం. ఎండ లెక్కలో ఇది తిరగబడిన పని. కొత్త కాటన్ చొక్కాని రెండు మూడుసార్లు ఉతికితే గుడ్డ ముడుచుకుని నేత ఇంకా చిక్కబడతాది, అప్పుడది ఎండకి బాగా పనికొస్తాది. చిరిగి పల్చబడినాక కాదు. పాత చొక్కా నీడపట్టున తొడుక్కోండి.

మనకి దగ్గర్లోనే ఈ విద్య తెలిసినవాళ్లు ఉన్నారు. సండూరు లంబాణీ ఆడవాళ్ల కుట్టుపనికి 2010లో జీఐ గుర్తింపు వచ్చింది, అందరికీ తెలుసు. ఆ బట్టని ఇంకో కంటితో చూడండి. మందం గుడ్డ, దాని మీద దట్టంగా కుట్టు, నెత్తి మీద నుంచి వీపు దాకా కప్పే ముసుగు. తరతరాలు బయట తిరిగి బతికిన జనం బట్ట అది.

బళ్లారి జీన్సు సంగతీ అంతే. ఆ గుడ్డలో నుంచి యూవీ దూరడం చాలా కష్టం. చొక్కాగా తొడిగితే మన ఎండకి ఉడికిపోతాం, నిజమే. కానీ జీన్సు కుట్టే షాపుల్లో మిగిలే కటింగు ముక్కలతో చుట్టూ మూడు నాలుగు వేళ్ల అంచు ఉండే టోపీ కుట్టొచ్చు. ముందుకి మాత్రమే అంచు ఉండే క్రికెట్ టోపీ చెవుల్నీ మెడ వెనకనీ కాపాడదు. హెల్మెట్ పెట్టుకునే పనిలో ఉన్నవాళ్లు దాని వెనక మెడ మీదికి వేలాడేటట్టు ఒక గుడ్డ కట్టుకోవాల. కొంగు, తలగుడ్డ, తువ్వాలు, గొడుగు, నల్ల కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా, ఇవన్నీ ఒకసారి కొంటే ఏండ్లు వస్తాయి. ట్యూబు అయిపోతాది.

ట్యూబు మీద ఏం చూడాల

గుడ్డ ఎంత కప్పినా మొహం, చెవులు, మెడ, ముంజేతులు మిగులుతాయి. ట్యూబు అక్కడికి. షాపులో బొమ్మ చూసి కొనొద్దు, మూడు విషయాలు చూడండి.

మొదటిది ఎస్‌పీఎఫ్. ఇది యూవీబీని ఆపే లెక్క. గుడ్డకి యూపీఎఫ్ ఎట్లనో దీనికి ఎస్‌పీఎఫ్ అట్ల. ఎస్‌పీఎఫ్ 15 అంటే వందలో సుమారు 7 వంతులు లోపలికి పోతాయి. 30 అంటే 3 వంతులు. 50 అంటే 2 వంతులు. అంటే 30కీ 50కీ మధ్య తేడా ఒక్క వంతే, ధరలో తేడా మాత్రం అంత చిన్నది కాకపోవచ్చు. మనలాంటి వాళ్లకి 30 చాలు. రోజంతా ఎండలో నిలబడి పనిచేసేవాళ్లకీ, కింద చెప్పబోయే ప్రత్యేకమైన వాళ్లకీ 50 మేలు. ఇంకో అపోహ ఉంది. 50 కొంటే ఎక్కువ గంటలు పనిచేస్తాదని. లేదు. 30 అయినా 50 అయినా రెండు గంటలే లెక్క.

రెండోది పీఏ. ఇది యూవీఏ లెక్క. జపానువాళ్లు పెట్టిన పద్ధతి. పీఏ పక్కన కూడిక గుర్తులు ఉంటాయి. మూడు గానీ నాలుగు గానీ ఉంటే మంచిది. ఆ గుర్తులు లేకుంటే బ్రాడ్ స్పెక్ట్రమ్ అనే మాట ఉందా చూడండి. రెండు రకాల యూవీనీ ఆపుతాదని దాని అర్థం. ఈ రెండూ లేని ట్యూబు, ఎస్‌పీఎఫ్ ఎంత పెద్దగా రాసినా, సగం గొడుగే.

మూడోది ముద్ర. మన దేశంలో సన్‌స్క్రీన్ని సౌందర్య సామగ్రి కింద అమ్ముతారు. తయారుచేసిన కంపెనీ పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, గడువు తేదీ దాని మీద ఉండాల. సంతలో తట్టలో పోసి సగం ధరకి అమ్మేదానికి ఇవి ఉండవు, లేకుంటే చెరిపేసి ఉంటాయి. గడువు దాటినదీ, బయట ఎండలో కాగినదీ కొనొద్దు. ఇంట్లో కూడా కిటికీ గట్టు మీద, బండి డిక్కీలో, లారీ అద్దం ముందర పెట్టొద్దు. వేడికి దాని సారం పోతాది.

చెమట పట్టే పనికి వాటర్ రెసిస్టెంట్ అని రాసింది తీసుకోండి. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్నవి సున్నితమైన తోలుకి మంట పెట్టవు, పిల్లలకీ మంచివి. కాకుంటే మన రంగు మీద సున్నం కొట్టినట్టు తెల్లగా తేలతాయి. అది చూసి చానామంది పక్కన పడేస్తారు. అట్లాంటివాళ్లకి జెల్ రకం, రంగు కలిపిన రకం దొరుకుతాయి. ఏది కొన్నా ముందు ముంజేతి లోపలి వైపు కొంచెం పూసి ఒక రోజు చూడండి. దురద, ఎర్రదనం రాకుంటే మొహానికి పూయొచ్చు.

ఎంత పూయాల, ఎప్పుడు పూయాల

అందరూ చేసే పొరపాటు ఇక్కడ. శెనగగింజంత తీసుకుని మొహమంతా పాముతారు. ట్యూబు మీద రాసిన 30, 50 అనే నంబర్లు పరీక్ష గదిలో మందంగా పూసి కొలిచినవి. మనం అందులో సగం పూస్తే కాపాడేది కూడా సగానికి పడిపోతాది, ఒక్కోసారి ఇంకా తక్కువ.

కొలత సులభం. చూపుడు వేలు, నడిమి వేలు పక్కపక్కన పెట్టండి. రెండు వేళ్ల మీదా మొదలు నుంచి కొన దాకా ఒక్కో గీత క్రీము పిండండి. ఇది మొహానికి, మెడకి, చెవులకి ఒక పూటకి. ముంజేతులకి పూయాలంటే ఒక్కో చేతికి ఇంకో రెండు గీతలు. చెవి వెనక, మెడ వెనక, పెదాల చుట్టూ మర్చిపోవద్దు.

మొహం కడుక్కుని, తుడుచుకుని, ఆరినాక పూయాల. బయటికి పోయే పదిహేను ఇరవై నిమిషాల ముందు. పౌడరు వేసుకునేవాళ్లు దీని మీద వేసుకోవచ్చు. రెండు గంటలైనాక మళ్లీ పూయాల. చెమట కారి తువ్వాలుతో మొహం గట్టిగా తుడిచామంటే పూసింది కూడా తువ్వాలుకే పోయింది అని లెక్క. అట్ల తుడిచిన తర్వాత మళ్లీ పూయాల. పొద్దున ఎనిమిదికి పూసుకుని పోయి మధ్యాన్నం ఒంటిగంటకి ఎండలో తిరుగుతా, పూసుకున్నా గదా అంటే, పొద్దున తెరిచి మూసేసిన గొడుగుని చంకలో పెట్టుకుని నడిచినట్టు.

ఇప్పుడు ఇంటి లెక్క చూద్దాం. రెండు వేళ్ల కొలత సుమారు ఒక గ్రాము. రోజుకి రెండుసార్లు అంటే రెండు గ్రాములు. 50 గ్రాముల ట్యూబు 25 రోజులు వస్తాది. ట్యూబు 400 రూపాయలు అనుకుందాం. ఇంట్లో నలుగురు వాడితే నెల తిరక్కుండానే 1,600. మన ఇళ్లల్లో ఇది చిన్న డబ్బు కాదు. ఒక ట్యూబు నలుగురు ఆరు నెలలు వాడారంటే అది ఎవరినీ కాపాడలేదని అర్థం. అందుకని నలుగురికీ చారెడు చారెడు పంచడం కంటే, ఎవరికి నిజంగా అవసరమో వాళ్లకి నిండుగా, మిగతావాళ్లకి గుడ్డ, గొడుగు, టోపీ అనుకోవడం తెలివైన పని.

ఎవరికి ముందు

ఇక్కడ రెండో మనిషి మాటలో ఉన్న నిజం చెప్పాల. మన తోలులో రంగు పదార్థం, మెలనిన్, ఎక్కువ. అది పుట్టుకతో వచ్చిన గొడుగు. తెల్లవాళ్లకి వచ్చినట్టు మనకి ఎండ వల్ల చర్మం క్యాన్సర్లు రావు, చాలా తక్కువ. కాబట్టి నీడపట్టున షిఫ్టు చేసి, నీడలో ఇంటికొచ్చే మనిషి సన్‌స్క్రీన్ పూసుకోలేదని భయపడాల్సింది ఏమీ లేదు. పైగా మిల్లు లోపలే ఉండేవాళ్లకి కొంచెం ఎండ తగలకుంటే విటమిన్ డి తక్కువై ఎముకల నొప్పులు వస్తాయి. ఎండ శత్రువు కాదు.

కానీ మెలనిన్ అందరిలోనూ, అన్నిచోట్లా ఉండదు. బొల్లి మచ్చ ఉన్నచోట అది లేదు. ఆ తెల్లమచ్చ చిన్న ఎండకే కాలుతాది. బొల్లి అంటురోగం కాదు, ఆ సంగతి ఇంకా తెలియనివాళ్లకి తెలియజెప్పండి. ఆ మచ్చల మీద, చుట్టూ ఉన్న తోలు మీద కూడా పూయాల. మచ్చకి కాంతి వైద్యం జరుగుతుంటే ఎప్పుడు పూయాలో ఆ డాక్టరునే అడగాల.

పుట్టుకతోనే జుట్టు, ఒళ్లు, కనురెప్పలు తెల్లగా ఉండే పిల్లలు ఉంటారు. వాళ్లకి ఒంట్లో ఎక్కడా ఆ గొడుగు లేదు. చిన్నప్పటి నుంచి ఎండ తగిలితే పెద్దయ్యేసరికి తోలు మీద పుండ్లు లేచి క్యాన్సరు దాకా పోతాది. కళ్లు కూడా వెలుతురుని ఓర్చవు. అట్లాంటి బిడ్డ ఇంట్లో ఉంటే సన్‌స్క్రీన్ అలంకారం కాదు, మందు. టోపీ, నిండు చేతులు, కళ్లద్దాలు, ట్యూబు, అన్నీ కావాల. ఆటల పీరియడ్లో ఆ బిడ్డని నీడలో పెట్టమని స్కూల్లో చెప్పాల. పేర్లు పెట్టి పిలిచే పిల్లల్ని ఆపాల.

తర్వాత మంగు ఉన్నవాళ్లు. కన్నడంలో బంగు అంటారు. బుగ్గల మీద, ముక్కు మీద, నుదుటి మీద గోధుమ రంగు మచ్చలు. కాన్పుల తర్వాత, గర్భం రాకుండా వేసుకునే మాత్రల వల్ల ఆడవాళ్లకి ఎక్కువగా వస్తాది. ఎండలో పనిచేసే మగవాళ్లకీ వస్తాది. మంగుకి డాక్టరు ఎంత ఖరీదైన మందు రాసినా, ఎండ ఆపకుంటే అది మళ్లీ మళ్లీ వస్తాది.

కొన్ని మాత్రలు వేసుకునేటప్పుడు కూడా తోలు ఎండని ఓర్చదు. డాక్సీసైక్లిన్ అనే మాత్ర అట్లాంటిది. బీపీకి ఇచ్చే హైడ్రోక్లోరోథయాజైడ్ కూడా. మాత్ర మానొద్దు, ఎండ తగ్గించండి. కాలిన గాయం మానుతున్నచోట, కుట్లు విప్పినాక కొత్తగా వచ్చిన తోలు మీద కూడా కొన్ని నెలలు జాగ్రత్త పడాల. ఆరు నెలల లోపు పసిబిడ్డలకి మాత్రం సన్‌స్క్రీన్ పూయొద్దు. వాళ్లకి నీడ, గుడ్డ, గొడుగే.

మన ఎర్రమన్ను సంగతి

మంగు ఉన్నవాళ్లకి ఇంకో మెలిక ఉంది. మన లాంటి రంగు తోలులో మచ్చని ముదురు చేసేది యూవీ ఒక్కటే కాదు, కంటికి కనిపించే మామూలు వెలుతురు కూడా చేస్తాది. మామూలు సన్‌స్క్రీన్ ఆ వెలుతురుని సరిగా ఆపదు. దాన్ని ఆపేది రంగు కలిపిన సన్‌స్క్రీన్. అందులో కలిపే రంగు పేరు ఐరన్ ఆక్సైడ్.

ఐరన్ ఆక్సైడ్ అంటే మనకి కొత్తది కాదు. మన కొండల నుంచి లారీల్లో, రైళ్లల్లో పోయే ఇనుప ఖనిజం అదే. మన రోడ్లు, చెట్ల ఆకులు, ఆరేసిన బట్టలు ఎర్రబడేది దాని వల్లే. సండూరు మన్ను ఎరుపూ, మంగుకి రాసే ట్యూబు రంగూ ఒకే ఇంటివి. అట్లని మన్ను మొహానికి పూసుకునేరు. ట్యూబులో వేసేది శుద్ధి చేసి మెత్తగా తయారుచేసింది. రోడ్డు మీద లేచే దుమ్ములో గరుకు ఇసుక, ఇంకా ఏమేమో ఉంటాయి, అది కళ్లకీ ఊపిరితిత్తులకీ చెరుపు. మంగు ఉన్నవాళ్లు మందుల షాపులో రంగు కలిపిన సన్‌స్క్రీన్, అందులో ఐరన్ ఆక్సైడ్ ఉన్నది కావాలని అడగండి. సాయంత్రం ఇంటికి రాగానే మొహం సబ్బుతో కడిగి దుమ్ము, క్రీము రెండూ పోగొట్టాల.

తెల్లబడే క్రీము వేరు

సన్‌స్క్రీన్ పూస్తే ఎండకి ఇంకా నల్లబడకుండా ఆపుతాది. పుట్టిన రంగుని మార్చదు, మార్చాల్సిన అవసరమూ లేదు. తెల్లగా చేస్తామని అమ్మే క్రీములు వేరే జాతి. వాటిలో కొన్నిట్లో స్టెరాయిడ్ ఉంటాది. పది రోజులు మొహం నున్నగా, తెల్లగా కనిపిస్తాది. నెలలు గడిచేసరికి తోలు పల్చబడి ఎర్ర నరాలు తేలతాయి, మొటిమలు లేస్తాయి, మీసాల దగ్గర వెంట్రుకలు వస్తాయి, మానితే మంట. ఇట్ల మొహాలు పాడవుతున్నాయని చర్మం డాక్టర్లు గట్టిగా అడిగితే, 2018లో కేంద్ర ప్రభుత్వం అట్లాంటి పూత మందుల్ని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని పెట్టింది. చీటీ లేకుండా చేతిలో పెట్టే షాపువాడి మాట నమ్మొద్దు.

ఇంకొన్నిట్లో పాదరసం ఉంటాది. కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్ డాక్టర్లు కిడ్నీ జబ్బుతో వచ్చినవాళ్లని విచారిస్తే, వాళ్లలో చాలామంది ఇట్లాంటి తెల్లబడే క్రీములు వాడినవాళ్లని తేలింది. మొహానికి పూసింది కిడ్నీ దాకా పోయింది. పేరు ఊరు లేని డబ్బా, విదేశీ అక్షరాల డబ్బా, వారంలో తెల్లబడతారని చెప్పే డబ్బా ఇంట్లో ఉంటే తీసేయండి.

ఇంటి మందుల సంగతి కూడా చెప్పాల. పసుపు, ముల్తానీ మట్టి, కలబంద, కొబ్బరినూనె, ఇవేవీ ఎండని ఆపే గొడుగు కావు. నూనె పూసుకుని ఎండలోకి పోతే చల్లగా అనిపించొచ్చు, యూవీ ఆగదు. నిమ్మరసం అయితే అస్సలు వద్దు. నిమ్మరసం అంటిన తోలుకి ఎండ తగిలితే బొబ్బలెక్కి నల్లమచ్చ పడతాది, నెలలు పోదు. సోడా బండి వాళ్లు, ఊరగాయ పెట్టేవాళ్లు చేతులు కడుక్కుని ఎండలోకి రండి.

ట్యూబు ఆపలేనిది

సన్‌స్క్రీన్ వడదెబ్బని ఆపదు. ఇది అందరూ గుర్తుపెట్టుకోవాల. అది యూవీని ఆపుతాది గానీ వేడిని కాదు. మొహానికి నిండుగా పూసుకుని ఏప్రిల్ మధ్యాన్నం బరువులు మోస్తే ఒళ్లు కాగక మానదు. వడదెబ్బకి మందు నీళ్లు, మజ్జిగ, నీడ, విశ్రాంతి, పని వేళలు.

ఈ పని వేళల మాట దగ్గరే నేను ఆగి ఒకటి అడగదలుచుకున్నా. మన కలబురగి విభాగం జిల్లాల్లో, అంటే బళ్లారి కూడా కలుపుకుని, ఏప్రిల్, మే నెలల్లో ప్రభుత్వ ఆఫీసులు పొద్దున 8 నుంచి మధ్యాన్నం 1:30 దాకా నడపడం అలవాటుగా వస్తోంది. మంచి పద్ధతి. ఫ్యాను కింద కుర్చీలో కూర్చునే ఉద్యోగికి ఎండ ఎక్కువని వేళలు మార్చగలిగితే, యార్డులో బేళ్లు దించే మనిషికి, రంగు గుడ్డ ఆరబెట్టే ఆడకూతురికి, రోడ్డు పక్కన లారీ తార్పాలు కట్టే పిల్లవాడికి ఎందుకు మార్చకూడదు? వాళ్ల పని మొత్తం పొట్టి నీడలోనే జరుగుతా ఉంది.

కాబట్టి మనం ట్యూబు కోసం జేబు తడుముకునేముందు పని చోట అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. బయటి పనులు పొద్దున తొమ్మిదిన్నర లోపల, సాయంత్రం మూడు తర్వాత పెట్టడం. యార్డులో ఒక షెడ్డు, కనీసం ఒక చిక్కటి తార్పాలు నీడ. కుండలో నీళ్లు. ఏడాదికి రెండు నిండు చేతుల చొక్కాలు, అంచు టోపీ. బొల్లి ఉన్నవాళ్లకి, ఎండ పడని మాత్రలు వాడేవాళ్లకి లోపలి డ్యూటీ. గుడ్డ తయారుచేసే చోట కార్మికుడికి రెండు చొక్కాల గుడ్డ దొరకకపోతే ఇంకెక్కడ దొరుకుతాది?

మచ్చ ముదిరినా, ఆరని పుండు ఉన్నా, కొత్తగా పెరిగే పుట్టుమచ్చ ఉన్నా బళ్లారి మెడికల్ కాలేజి ఆసుపత్రిలో చర్మం విభాగానికి పోయి చూపించుకోండి. మందుల షాపువాడిని డాక్టరుగా పెట్టుకోవద్దు.

పైన చెప్పిన కోరికలు సంక్రాంతి దాటగానే కాగితం మీద పెట్టి, నలుగురు సంతకాలు చేసి ఇవ్వాల. మే నెలలో అడిగితే జూన్‌కి ఒప్పుకుంటారు. అప్పటికి వాన పడతాది, టోపీలు మళ్లీ ఏడాదికి అంటారు.